తడి లెక్క

తొట్టి అడుగున పరిచిన చెక్క పలకల్ని గునపంతో లేపితే, కింద నల్లగా, జిగటగా, వేలికి అంటుకునే ముద్ద కనబడింది. వాసన చూశాను. బెల్లం. ఈ బండిలో ఆఖరిసారి బెల్లం ఎక్కించి పదిహేనేళ్లు దాటింది. అయినా ఆ ముద్ద ఇంకా తడిగానే ఉంది. దాని కింద రేకు ఉండాల్సిన చోట జల్లెడ ఉంది.

బండి మా మావయ్యది. 1980ల నాటి మహీంద్రా జీపు పికప్. గానుగలు ఆడే రోజుల్లో కోడి కూయకముందే రావికమతంలో దిమ్మలు ఎక్కించుకుని, చోడవరం మీదుగా అనకాపల్లి మార్కెట్టుకు పోయేది. దాని మొహం మాత్రం అమెరికాది. ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో విల్లీస్ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం కోసం చేసిన జీపుకు ఇది మనుమరాలు. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే పేరుతో ఉక్కు వ్యాపారంగా మొదలైన సంస్థ, భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు వెళ్లి అక్కడి తొలి ఆర్థికమంత్రి అయ్యాక, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మొదలుపెట్టింది. ఆ బల్లపరుపు రేకులు, గుండ్రటి లైట్లు దశాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. ఇంటి దగ్గర బాగుచేసుకోవడానికి ఇంతకన్నా అనువైన బండి నాకు తెలీదు. రేకు వంచడానికి ప్రెస్సు అక్కర్లేదు, రైలు పట్టా ముక్కా సుత్తీ ఉంటే చాలు.

ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు ఏడాదిన్నరలో తెమిలాయి. “ఇంకేముంది, రంగే కదా” అన్నారు చూసినవాళ్లందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రంగుకే ఏడు నెలలు పట్టింది. రంగు అనేది అందం సంగతని అప్పటిదాకా నా నమ్మకం. అది నీళ్ల సంగతి. నీరు ఎక్కడ దాక్కుంటుంది, ఎప్పుడు దిగుతుంది, ఎటు పోతుంది అన్న లెక్క తేలితే రంగు దానంతటదే నిలబడుతుంది. తేలకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్న రంగైనా రెండు వానాకాలాలకు పొక్కుతుంది.

ముందు ఆ బెల్లం ముద్ద సంగతి. వానాకాలంలో బెల్లం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే దిమ్మ చెమర్చి నీరుగారడం అందరిళ్లలోనూ చూసేదే. బెల్లంలో చక్కెరతో పాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉంటాయి. ఫ్రక్టోజుకు నీళ్లంటే మహా యావ. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే చాలు, ఆ తేమను పీల్చుకుని తనే కరిగి ద్రవమైపోతుంది. మన కోస్తా జిల్లాల్లో తేమ అంతకన్నా దిగువన ఉండే రోజులు తక్కువ. ఇనుము తుప్పు పట్టే వేగం కూడా ఇంచుమించు అదే 60 శాతం దగ్గర ఒక్కసారిగా పెరుగుతుందని బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త వెర్నన్ 1930లలో చూపించాడు. అంటే మా తొట్టి రేకు మీద పదిహేనేళ్లపాటు ఎవరో తడిగుడ్డ పరిచి ఉంచినట్టే. పైగా బెల్లంలో పొటాషియం వంటి ఖనిజ లవణాలుంటాయి. అవి కలిసిన నీరు విద్యుత్తును బాగా మోస్తుంది. తుప్పు పట్టడమంటే అచ్చంగా విద్యుత్తు పనే కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇనుప రేకు మీద ఉప్పునీటి బొట్టు ఒకటి పెట్టి వదిలేస్తే ఎక్కడ తినేస్తుంది? గాలి బాగా తగిలే అంచు దగ్గరే అని మనకు తోస్తుంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఇవాన్స్ 1920లలో ఇలాంటి బొట్టుతోనే తుప్పు గుట్టు విప్పాడు. తినేసేది అంచును కాదు, నడిమధ్యను. అంచు దగ్గర ఆక్సిజన్ దండిగా ఉంటుంది. అది ఎలక్ట్రాన్లను తీసుకునే చోటు. మధ్యలో ఆక్సిజన్ తక్కువ. అక్కడి ఇనుము ఎలక్ట్రాన్లను వదులుకుని తాను నీళ్లలో కలిసిపోతుంది. ఒక్క బొట్టులోనే చిన్న బ్యాటరీ ఉందన్నమాట. పోయే ఇనుము ఒకచోటిది, తుప్పు పేరుకునేది మరొకచోట.

ఈ ఒక్క సంగతి తెలిస్తే పాత బండిని ఎక్కడ తడిమి చూడాలో తెలిసిపోతుంది. ఎండకీ వానకీ నేరుగా ఎదురు నిలిచిన బానెట్ మీద పైపై తుప్పే ఉంటుంది. చక్రాల పైన బురద అట్టకట్టిన చోట, రెండు రేకులు ఒకదానిమీదొకటి అతికిన చోట, చెక్క పలకల కింద, రబ్బరు బీడింగు వెనక, అంటే గాలి ఆడని తడి ఉన్నచోటల్లా రేకు పోయి ఉంటుంది. ఆ లెక్కన బండి కొనేటప్పుడు పైమెరుగు చూడ్డం దండగ.

చిన్న భాగాల తుప్పు వదిలించడానికి మందు కూడా చెరకు నుంచే దొరికింది. పశువుల దాణాలో కలిపే మడ్డి, అదే మొలాసిస్, ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు పోసి ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, అందులో తలుపు కీళ్లు, బ్రాకెట్లు, బోల్టులు ముంచాను. రెండు మూడు వారాలకు తుప్పు మెత్తబడి, నీళ్లతో కడిగితే బూడిదరంగు ఇనుము బయటపడింది. మడ్డి పులిసేకొద్దీ సేంద్రియ ఆమ్లాలు పుడతాయి. వాటిలో కొన్ని ఇనుము అయాన్‌ను పీత డెక్కల్లో ఇరికించినట్టు రెండు వైపుల నుంచీ పట్టి తుప్పులోంచి లాగేస్తాయి. రసాయన శాస్త్రంలో ఈ పట్టుకు పెట్టిన కీలేషన్ అన్న పేరు కూడా పీత డెక్క అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందే. మంచి ఇనుము జోలికి అది పెద్దగా పోదు. అల్యూమినియం అయితే అలా కాదు. చూసుకోకుండా పడేసిన అల్యూమినియం మూత ఒకటి గుంటలు గుంటలుగా తేలింది. ఇంకో ఇబ్బంది వాసన. రెండో వారానికి పక్కింటాయన గోడ మీదనుంచి తొంగిచూసి “సారా గాని కాస్తన్నారేటి?” అని మెల్లగా అడిగాడు.

డ్రమ్ములో పట్టని తొట్టికీ తలుపులకీ వైర్ బ్రష్షు, ఆ తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం. ఎర్రటి తుప్పు మీద దీన్ని పూస్తే కాసేపటికి నల్లబడుతుంది. తుప్పు ఐరన్ ఫాస్ఫేటుగా మారుతుంది. అది నీళ్లలో కరగదు, ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది, పైన వేసే రంగుకు పట్టునిస్తుంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కనున్న గుప్తుల కాలపు ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా నిలబడటం వెనక ఉన్నదీ దాదాపు ఇదే రసాయనం. కాన్పూర్ ఐఐటీలో బాలసుబ్రమణ్యం దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ పాలు ఎక్కువ, సుమారు నాలుగో వంతు శాతం. తడీ ఎండా మారి మారి తగలడంతో స్తంభం ఒంటిమీద సన్నటి ఫాస్ఫేటు పొర తయారైంది. ఇప్పటి ఉక్కులో ఫాస్ఫరస్‌ను అందులో చాలా చిన్న వంతుకు దించేస్తారు. ఎక్కువైతే ఉక్కు పెళుసుబారుతుంది. కాబట్టి స్తంభానికి పుట్టుకతో ఉన్నదాన్ని మనం సీసాలో కొని బయటినుంచి పూస్తున్నాం.

దాని మీద రెడ్ ఆక్సైడ్. ఇక్కడో తమాషా ఉంది. రెడ్ ఆక్సైడ్‌లో ఉన్న రంగుపొడి ఐరన్ ఆక్సైడే, అంటే తుప్పుకు అన్నదమ్ముల బిడ్డ. కాకపోతే ఇది నీరు లేని ఆక్సైడ్. తీసుకోవాల్సిన ఆక్సిజన్ అంతా ఎప్పుడో తీసేసుకుంది, ఇంక మారేదేమీ లేదు. అయితే రెడ్ ఆక్సైడ్ పూశాం కదా అని బండిని నెలల తరబడి అలాగే ఉంచేయడం మన ఊళ్లలో చూస్తుంటాం. ప్రైమరు పొరలో కంటికి కనబడని సందులుంటాయి. నీటి ఆవిరి వాటిలోంచి నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. పైకి ఎర్రగా నిగనిగలాడుతున్నా అడుగున అసలు తుప్పు మొదలవుతుంది. రెండూ ఒకే రంగు కాబట్టి కనిపెట్టడం కూడా కష్టం.

టింకరింగ్, లప్పం పనులు అనకాపల్లి నుంచి వచ్చిన మేస్త్రి చేశాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి చెబుతాను. రేకును సుత్తితో ఎంత సాపు చేస్తే లప్పం అంత తక్కువ పడుతుంది. వేడికి లప్పం ఉక్కుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. ఎండలో నిలబెట్టిన బానెట్ 60 డిగ్రీలు దాటుతుంది, రాత్రికి 20కి దిగుతుంది. రోజూ ఈ సాగుడూ ముడుచుకోవడమూ జరుగుతుంటే మందంగా పెట్టిన లప్పం పగలక ఏం చేస్తుంది? పగిలిన గీతలోకి నీరు చేరుతుంది. ఇక్కడికీ వచ్చింది నీరే.

అసలు దెబ్బ ధనుర్మాసంలో తగిలింది. సంక్రాంతికి బండి వీధిలోకి తేవాలని నా తొందర. ఓ సాయంత్రం ఐదున్నరకు కంప్రెసరు ఆన్ చేశాను. మేస్త్రి ఆకాశం వైపు చూశాడు.

“మంచు దిగే యేళ బాబూ. ఈ పొద్దుకి ఒగ్గేయండి. పాలు పోసినట్టయిపోద్ది.”

“షెడ్డు కిందే కదా మేస్త్రీ, మంచెలా దిగుతుంది?” అన్నాను. బానెట్ మట్టుకు ఊడదీసి, ఆరుబయట రెండు స్టూళ్ల మీద పెట్టి ఉంది.

ముదురు ఆకుపచ్చ ఎన్‌సీ, అంటే నైట్రోసెల్యులోజు, పెయింటు అద్దంలా పడింది. పది నిమిషాలకు దాని మీద మజ్జిగ తేటలాంటి పొర కమ్మింది. షెడ్డు కిందున్న తలుపుల మీద కొద్దిగా, ఆరుబయట ఉన్న బానెట్ మీద మరీ దట్టంగా.

జరిగిందేమిటో తర్వాత లెక్క కట్టాను. గాలిలో ఉన్న నీటి ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర బొట్లుగా మారుతుందో దాన్ని తుషారాంకం అంటారు. దానికో నోటిలెక్క ఉంది. తేమ శాతాన్ని వందలోంచి తీసేసి, మిగిలినదాన్ని ఐదుతో భాగించి, ఆ వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసెయ్యాలి. ఆ సాయంత్రం గాలి 24 డిగ్రీలు, తేమ 80 శాతం. వందలో ఎనభై పోగా ఇరవై, ఐదుతో భాగిస్తే నాలుగు. తుషారాంకం 20. అంటే రేకు నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు. థిన్నరు ఆవిరవుతూ రేకులోని వేడిని లాగేస్తుంది. చేతిమీద స్పిరిట్ వేసుకుంటే చల్లగా అనిపించేది ఇందుకే. నాలుగు డిగ్రీలు దానికో లెక్కా?

బానెట్‌కు ఇంకో శాపం కూడా తోడైంది. ఆకాశానికి ఎదురుగా ఉన్న ఏ వస్తువైనా తన వేడిని కంటికి కనబడని పరారుణ కిరణాలుగా పైకి పంపేస్తుంటుంది. మబ్బు లేని రాత్రి ఆకాశం తిరిగి పంపేది తక్కువ. దాంతో ఆ వస్తువు చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఈ సంగతిని విలియం వెల్స్ అనే వైద్యుడు 1814లో లండన్‌లో మంచు మీద రాసిన పుస్తకంలో తేల్చి చెప్పాడు. మంచు పైనుంచి రాలదు, చల్లబడ్డ వస్తువు మీద గాలిలోని ఆవిరే పేరుకుంటుంది. మంచు పైనుంచి దిగుతుందనే మేస్త్రి మాట శాస్త్రానికి సరిపడదు, ఆయన ఇచ్చిన సలహా మాత్రం అక్షరాలా సరిపోయింది. పొలం గట్టున వరికుప్ప మీద కప్పిన టార్పాలిన్ తెల్లారేసరికి తడిసి, పక్కనే చెట్టు కింద నేల పొడిగా ఉండటం చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. చెట్టు కొమ్మలు నేలకూ ఆకాశానికీ మధ్య అడ్డుగా ఉంటాయి.

మరి తెలుపెందుకు? నీళ్లు తెల్లగా ఉండవుగా. చెరకు రసం మురికి పసుపు రంగులో ఉన్నా, పెనం మీద కాగేటప్పుడు పైకొచ్చే నురుగు తెల్లబారుతుంది. రసం మారలేదు, అందులో లెక్కలేనన్ని గాలి బుడగలు చేరాయి. ప్రతి బుడగ అంచు దగ్గరా వెలుగు కొంత వెనక్కి తిరుగుతుంది, అన్ని రంగులూ సమానంగా చెదిరితే కంటికి తెలుపుగా కనబడుతుంది. రంగు పొరలో చిక్కుకున్న నీటి బొట్లు చేసేదీ అదే. పైగా నీరు చేరడంతో నైట్రోసెల్యులోజు కరిగి ఉండలేక ముందే విరుగుతుంది. నీరు ఆరిపోయాక కూడా ఆ చోట్లు ఖాళీలుగా మిగిలి తెలుపు అలాగే ఉంటుంది.

అదృష్టమేమిటంటే ఎన్‌సీ పెయింటు కేవలం ఆరి గట్టిపడుతుంది, రసాయనికంగా మారదు. మళ్లీ థిన్నరు తగిలితే మళ్లీ కరుగుతుంది. ఆ తర్వాత ఎండ బాగా కాసిన రోజున మేస్త్రి నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నరును పలచగా కొడితే పొర మళ్లీ కరిగి, నీటికి బయటికిపోయే వ్యవధి దొరికి, ఆకుపచ్చ తిరిగొచ్చింది. పండక్కి బండి వీధిలోకి రాలేదు.

ఆ తర్వాత నేనో నియమం పెట్టుకున్నాను. స్టీలు గ్లాసులో నీళ్లు, థర్మామీటరు, ఐసు ముక్కలు. ఒక్కొక్క ముక్కా వేసి కలుపుతూ, గ్లాసు బయట మసక పట్టేటప్పుడు ఎన్ని డిగ్రీలుందో చూడాలి. అదే ఆ పూట తుషారాంకం. రేకు ఉష్ణోగ్రత దానికన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉంటేనే రంగు వెయ్యాలన్నది ఓడలకూ వంతెనలకూ రంగులు వేసేవాళ్లు పాటించే అంతర్జాతీయ ప్రమాణం. ఎన్‌సీకి నేను పది పెట్టుకున్నాను. మాఘమాసం ఎండల్లో పదకొండు నుంచి మూడు దాకా ఆ పది సులువుగా దొరికింది.

ఇంకో దొంగ కంప్రెసరులో ఉంటాడు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న ఘనమీటరు గాలిలో దాదాపు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. ఆ గాలిని ఎనిమిదో వంతుకు నొక్కి మళ్లీ అదే వేడికి చల్లారనిస్తే నాలుగు గ్రాములకు మించి మొయ్యలేదు. మిగతా 20 గ్రాములు నీళ్లై ట్యాంకు అడుగుకు చేరతాయి. కింద ఉండే చిన్న కుళాయి తిప్పి ఆ నీళ్లు వదలకపోతే అవి స్ప్రే గన్‌లోంచి రంగుతో పాటు వస్తాయి. మేం అద్దెకు తెచ్చిన కంప్రెసరు కుళాయి రంగు పేరుకుని బిగుసుకుపోయి ఉంది. అద్దెకిచ్చినవాళ్లు దాన్ని ఎన్నడూ తిప్పినట్టు లేదు.

పీయూ వేస్తే పోయేదిగా అని మీరు అడగొచ్చు. మెరుపులో, మన్నికలో దానికి సాటి లేదు. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయురిథేన్ అది. రెండు డబ్బాలు కలపగానే అణువులు ఒకదానికొకటి వలలా అల్లుకుపోతాయి. కానీ రెండో డబ్బాలో ఉండే హార్డెనరు ఐసోసైనేటు జాతి. భోపాల్లో 1984లో జనాన్ని చంపిన మిథైల్ ఐసోసైనేటుతో పోలిస్తే ఇది చాలా తక్కువ ఆవిరవుతుంది. గన్‌తో తుంపర కొట్టినప్పుడు మాత్రం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత అతికొద్ది మోతాదు తగిలినా ఉబ్బసం వస్తుంది. ముక్కుకు కట్టుకునే తువ్వాలు దీన్ని ఆపదు, బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. పిల్లలు తిరిగే పెరట్లో ఆ పని చెయ్యకూడదన్నది నా అభిప్రాయం. అన్నట్టు దీనికీ నీళ్లు పడవు. ఐసోసైనేటు నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి పొరంతా సూదిబెజ్జాలు పడతాయి.

రంగు ఆరాక వాటర్ పేపరు. 800తో మొదలుపెట్టి 2000 దాకా. 2000 నంబరు కాగితం మీద గరుకు రేణువు ఇంచుమించు 10 మైక్రాన్లు. వెలుగు తరంగం అర మైక్రాను. గీత అంతకన్నా సన్నబడేదాకా కంటికి పొగమంచులా కనబడుతూనే ఉంటుంది. ఆ చివరి మెట్టు కాంపౌండుది, చేతి నొప్పిది. బెల్లం బండికి ఇంత మెరుపెందుకని మావయ్య రెండుసార్లు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

అన్నీ బిగించి స్విచ్చి వేస్తే హెడ్‌లైట్లు దీపాల్లా మిణుకుమన్నాయి. కొత్త వైరింగు, కొత్త బ్యాటరీ. తప్పు రంగుదే. జీపులో కరెంటు తిరిగొచ్చే దారి బాడీయే. ఎర్తు బోల్టు కింద శుభ్రంగా రంగు పూసేశాం, రంగు విద్యుత్తును పోనివ్వదు. 60 వాట్ల బల్బుకు దారిలో అర ఓము అడ్డు తగిలినా వెలుగు దాదాపు సగానికి పడిపోతుంది. బోల్టు కింద రూపాయి బిళ్లంత మేర గీకి, గ్రీజు రాసి బిగిస్తే సరిపోయింది. ఇక కాగితాల పని. 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 2021లో కేంద్రం వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు వరుస తెచ్చింది. మా బండికి ఆ వయసు రాలేదు గనక మామూలు దారిలోనే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు పెట్టాం.

అంతా అయిందనుకుని ఉగాదికి బండి కడిగాను. తలుపు తీస్తే లోపల గలగలమని చప్పుడు.

“తలుపులో బాన గాని పెట్టారేటి బాబూ?” అన్నాడు మేస్త్రి.

అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీరు దిగడం ఏ బండిలోనైనా ఉన్నదే. అది కిందనుంచి పోవడానికి తయారీలోనే మూడు బెజ్జాలుంటాయి. లప్పం పెట్టి, రంగు కొట్టి, ఆ మూడింటినీ మేమే అందంగా మూసేశాం. ఏడు నెలలు నీటితో కొట్లాడి, చివరికి తలుపులో చెరువు కట్టాను. మేస్త్రి సైకిలు చువ్వ తెచ్చి పొడిచాడు. బెజ్జాల చుట్టూ పెచ్చులూడిన రంగుకు కుంచెతో మళ్లీ అద్ది, లోపలివైపు మైనం కలిపిన నూనె పోసి తలుపును అటూ ఇటూ వాల్చాం. తొట్టిలో చెక్క పలకలు మళ్లీ పరచలేదు.

జూన్‌లో తొలివానకు చోడవరం వెళ్లే దారిలో చిక్కుకున్నాం. టీ కొట్టు ముందు బండి ఆపి, పాక కిందకు పరుగెత్తి చూశాను. వాన వెలిశాక కూడా చాలాసేపు, రెండు తలుపుల కిందనుంచీ మూడేసి చోట్ల, బొట్టు బొట్టుగా నీళ్లు కారుతూనే ఉన్నాయి.